బ్రేకు మెత్తబడిందా? పాత బండి అని సరిపెట్టుకోకండి

"మా కారు పదిహేనేళ్లు దాటిన బండి. కొన్నాళ్లుగా బ్రేకు దూది మీద కాలు వేసినట్టు మెత్తగా ఉంటోంది. మెకానిక్‌ని అడిగితే 'పాత బండి కదమ్మా, అలాగే ఉంటుంది, అలవాటు పడండి' అన్నాడు. మావారిదీ అదే మాట. పిల్లల్ని బడికి దింపేది నేను. నిజంగా అలవాటు పడమంటారా?" అని ఒక సోదరి అడిగారు.

వద్దమ్మా. దీనికి మాత్రం అలవాటు పడొద్దు. బండి పాతబడితే తలుపు కిర్రుమంటుంది, సీటు కుంగుతుంది, ఏసీ చల్లదనం తగ్గుతుంది. వాటన్నిటితో సర్దుకుపోవచ్చు. బ్రేకు పెడల్ మాత్రం ఏళ్లు గడిచినంత మాత్రాన మెత్తబడేది కాదు. ఇరవై ఏళ్ల బండిలోనైనా సరే, రబ్బర్లు బాగుండి, ఆయిల్ బాగుండి, లోపల గాలి లేకపోతే పెడల్ కాలికి గట్టిగానే తగులుతుంది. మెత్తబడిందంటే లోపల ఎక్కడో ఏదో జరిగిందన్నమాట. అదేమిటో చాలావరకు మీ కాలే మీకు చెబుతుంది. ఆ సంగతి తెలుసుకుని షెడ్డుకి వెళితే "పాత బండి కదమ్మా" అన్న మాట రెండోసారి వినాల్సిన పని ఉండదు.

ముందు ఈ బ్రేకు ఎలా పనిచేస్తుందో వంటింట్లోనే చూద్దాం. పిల్లలకి మందు పట్టే సూది లేని ప్లాస్టిక్ సిరంజి చాలా ఇళ్లలో ఉంటుంది. దాని నిండా నీళ్లు పీల్చి, మూతి దగ్గర వేలు గట్టిగా అదిమిపెట్టి, వెనక నుంచి నొక్కండి. కదలదు, రాయిలా ఉంటుంది. ఇప్పుడు సగం నీళ్లు తీసేసి, ఆ మేరకు గాలి పీల్చి మళ్లీ నొక్కండి. మెత్తగా లోపలికి దిగుతుంది, వదిలితే వెనక్కి తన్నుకొస్తుంది. నీటిని నొక్కి చిన్నది చేయలేం, గాలిని చేయగలం. మీ కాలి కింద ఇప్పుడు జరుగుతున్నది ఇదే కావచ్చు.

కారులో మీరు పెడల్ నొక్కగానే బానెట్ కింద ఉన్న మాస్టర్ సిలిండర్ అనే చిన్న పంపు బ్రేకు ఆయిల్‌ని సన్నటి పైపుల్లోకి నెడుతుంది. ఆ ఒత్తిడి నాలుగు చక్రాల దగ్గరికీ చేరుతుంది. డిస్కు ఉన్న చోట రెండు ప్యాడ్లు డిస్కుని రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. డ్రమ్ము ఉన్న చోట లోపలి బ్రేకు షూలు విచ్చుకుని డ్రమ్ముని లోపలి నుంచి ఒరుసుకుంటాయి. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800 మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది కదా. 1990ల నాటి ఆ బండిలో ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. ఆ తరవాత వచ్చిన చాలా చిన్న కార్లదీ ఇదే అమరిక. నాన్నగారి కాలం అంబాసిడర్ ఇంట్లో ఉన్నా, అన్నయ్య ఇచ్చిన పాత మారుతి ఉన్నా, ఆయిల్ తోసే పద్ధతి ఒకటే కాబట్టి ఇక్కడ చెప్పేది రెంటికీ పనికొస్తుంది.

ఇంకొక్క సంగతి. మరీ పాతవి కాని చాలా కార్లలో మాస్టర్ సిలిండర్ లోపల రెండు గదులుంటాయి. ఒక్కో గది రెండేసి చక్రాలని చూసుకుంటుంది. ఒక గది పాడైనా రెండోది పనిచేయాలని అలా పెట్టారు. మంచిదే, ప్రాణాలు కాపాడే ఏర్పాటే. అయితే మనల్ని మోసం చేసేదీ అదే. "మెత్తగా ఉన్నా ఆగుతోందిగా" అంటాం. సగం బ్రేకుతో ఆగుతున్నామని తెలియదు. ఎదురుగా గేదె అడ్డం వచ్చిన రోజున తెలుస్తుంది.

కాలితో పరీక్ష

ఇది అయిదు నిమిషాల పని. బండిని చదునైన చోట ఆపి, చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ఇంజిన్ ఆపేయండి. హ్యాండ్ బ్రేకు దించండి. ఇప్పుడు బ్రేకు పెడల్‌ని నాలుగైదు సార్లు నొక్కి వదలండి. చాలా కార్లలో మన కాలి బలాన్ని పెంచే బూస్టర్ ఉంటుంది. మరీ పాత మోడళ్లలో కొన్నిటికి ఉండదు. బూస్టర్‌లో మిగిలిన శక్తి ఈ నాలుగైదు నొక్కులతో అయిపోయి పెడల్ గట్టిపడుతుంది. అలా గట్టిపడటం మంచిదే, కంగారు పడకండి.

ఇప్పుడు పెడల్‌ని గట్టిగా నొక్కి, అలాగే అర నిమిషం పట్టుకోండి. కాలు ఉన్నచోటే ఉందా? లేక లిఫ్టు దిగినట్టు నెమ్మదిగా కిందికి జారుతోందా? జారుతుంటే ఆయిల్ ఎక్కడికో పోతోందని అర్థం. ఒకవేళ బయటికి కారుతోంది. అలా కాకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగి, ముందుకి నెట్టిన ఆయిల్ ఆ రబ్బరు పక్క నుంచి వెనక్కి వచ్చేస్తోంది. మన ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ వదులైతే ఆవిరి పక్కల నుంచి పోయి విజిల్ రాదు చూడండి, అదే తంతు. ఈ రెండో రకం రోగం చాలా గడుసుది. కింద ఒక్క చుక్క పడదు, డబ్బాలో ఆయిల్ తగ్గదు, బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది. పైగా కొన్నిసార్లు గట్టిగా తొక్కితే రబ్బరు విచ్చుకుని అతుక్కుంటుంది, పెడల్ నిలబడుతుంది. మెల్లగా నొక్కి పట్టుకుంటేనే జారుతుంది. మెకానిక్ ధబీమని ఒక్క తొక్కు తొక్కి "బాగానే ఉందమ్మా" అనేది అందుకే. కాబట్టి ఈ పరీక్ష రెండుసార్లు చేయండి. ఒకసారి గట్టిగా, ఒకసారి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెట్టేంత తేలికగా. సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా కాలు తనంతట తానే కిందికి పోతోందని మీకు ఎప్పుడైనా అనిపించి ఉంటే, ఆ అనుమానం వట్టిది కాదు.

జారడం లేదు గానీ స్పాంజిని నొక్కినట్టు ఉంది, వదిలితే ఎగిరొస్తోంది అంటే లైన్లలో గాలి చేరింది. మన సిరంజి కథే. వరసగా నొక్కితే పెడల్ కొంచెం పైకి వస్తుంది కానీ ఆ మెత్తదనం పూర్తిగా పోదు. దీన్నే షెడ్డులో "ఎయిర్ పట్టింది" అంటారు.

మూడోది వేరే. మొదటిసారి నొక్కితే పెడల్ బాగా కిందికి పోతుంది, వెంటనే రెండోసారి నొక్కితే పైనే, గట్టిగా దొరుకుతుంది. స్పాంజిలా ఉండదు. ఇది ఎక్కువగా వెనక డ్రమ్ముల్లో షూలు అరిగి, డ్రమ్ముకీ షూకీ మధ్య సందు పెరిగినందువల్ల వస్తుంది. మొదటి నొక్కు ఆ సందు పూడ్చడానికే సరిపోతుంది. దీనికొక చిన్న కిటుకు ఉంది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, మళ్లీ పెడల్ నొక్కి చూడండి. హ్యాండ్ బ్రేకు వెనక షూలని ముందే డ్రమ్ము దగ్గరికి తెచ్చేస్తుంది కాబట్టి, ఇప్పుడు పెడల్ మొదటి నొక్కుకే పైన దొరికితే దొంగ దొరికినట్టే. షూలు సరిచేయాలి, లేదా మార్చాలి. హ్యాండ్ బ్రేకు లాగినప్పుడు ఇదివరకటికంటే ఎక్కువ టిక్కులు లేస్తున్నా అనుమానం అటువైపే. చక్రం బేరింగు వదులై డిస్కు అటూఇటూ ఊగుతున్నా మొదటి నొక్కు ఇలాగే కిందికి పోతుంది. అది జాకీ ఎత్తి చక్రం ఊపి చూసే పని, షెడ్డుకి వదిలేద్దాం.

చివరగా, పెడల్ మీద కాలు నొక్కిపెట్టే ఇంజిన్ స్టార్ట్ చేయండి. బూస్టర్ ఉన్న బండిలో పెడల్ కాస్త, ఒక అంగుళం లోపు, కిందికి దిగి ఆగుతుంది. అది జబ్బు కాదు, బూస్టర్ పనిచేస్తోందని గుర్తు. దీన్ని చూసి "మెత్తబడింది" అనుకుని షెడ్డు చుట్టూ తిరిగేవాళ్లూ ఉన్నారు. అసలు దిగకుండా రాయిలా ఉంటేనే బూస్టర్‌ని అనుమానించాలి. బూస్టర్ చెడితే బ్రేకు గట్టిపడుతుంది గానీ మెత్తబడదు. బ్రేకు మెత్తగా ఉందని వెళితే ఎవరైనా బూస్టర్ మార్చాలంటే, ఎందుకని నిలదీసి అడగండి.

ఒక జాగ్రత్త. పాత బండిలో పెడల్‌ని నేలకంటా ధనధనా తొక్కకండి. ఏళ్ల తరబడి రబ్బరు తిరగని చోట సిలిండర్ లోపల తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. రబ్బరు ఒక్కసారిగా అక్కడిదాకా వెళితే గీరుకుపోతుంది. ఉన్న రోగానికి కొత్తది తోడవుతుంది.

కంటితో పరీక్ష

బానెట్ ఎత్తితే డ్రైవరు వైపు, అద్దానికి దగ్గరగా, తెల్లటి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. దాని మీద మాక్స్, మిన్ అని రెండు గీతలు. మూత తీయకుండానే ఆయిల్ ఎంతవరకు ఉందో బయటికి తెలుస్తుంది. మూత తీయాల్సి వస్తే ముందు తడి గుడ్డతో దుమ్ము తుడిచి, ఆరాక తీయండి. కొత్త ఆయిల్ పల్చటి తేనె రంగులో ఉంటుంది. మీ డబ్బాలో కాఫీ డికాషన్ కనిపిస్తే అది మార్చి చాలా కాలమైందన్నమాట.

మట్టం తగ్గిందనుకోండి. రెండు కారణాలుంటాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ కొంచెం కొంచెంగా చక్రాల దగ్గరికి దిగుతుంది. అది నెలల మీద జరిగే పని. నిన్న పోసింది ఇవాళ తగ్గిందంటే మాత్రం కారుతున్నట్టే. నాలుగు చక్రాల లోపలి వైపులు చూడండి. వెనక టైరు లోపలి గోడ మీద తడి మరక, దానికి అతుక్కున్న దుమ్ము ఉంటే వీల్ సిలిండర్ కారుతోంది. ఆ ఆయిల్ షూల మీద పడితే ఆ చక్రం పట్టుకోవాల్సినప్పుడు పట్టుకోదు, బండి ఒక పక్కకి లాగుతుంది. తరవాత డ్రైవరు సీటు ముందుకి వంగి, పెడల్ పైభాగంలో, కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి ఉందేమో చూడండి. బూస్టర్ లేని బండిలో మాస్టర్ సిలిండర్ వెనక నుంచి కారితే కారు లోపలికే వస్తుంది. చాలామంది దాన్ని వాన నీరనుకుని పాత గుడ్డతో తుడిచేస్తారు. వేళ్ల మధ్య రాస్తే నీరైతే ఆరిపోతుంది, ఇది జిడ్డుగా నిలుస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి, అది విషపదార్థమే. కళ్లకి తగలనివ్వొద్దు.

ముందు చక్రాల దగ్గర రబ్బరు హోస్ పైపులుంటాయి. అవి ఏళ్ల మీద ఎండి బీటలు వారతాయి. ఒకరు పెడల్ నొక్కుతుంటే ఇంకొకరు చూస్తే, బలహీనపడ్డ పైపు సైకిల్ ట్యూబు ఉబ్బినట్టు ఉబ్బుతుంది. మనం నొక్కిన బలంలో కొంత ఆ ఉబ్బుకే ఖర్చయిపోతుంది, పెడల్ మెత్తగా తోస్తుంది. గాలి ఎన్నిసార్లు తీసినా మెత్తదనం పోని బండికి ఈ పైపులు ఎవరూ చూసి ఉండరు.

కారడం లేకుండా గాలి ఎలా వస్తుందని అడుగుతారు. డబ్బా అడుగంటేదాకా చూసుకోకపోతే వస్తుంది. ప్యాడ్లో సిలిండరో మార్చినప్పుడు పని సగంలో వదిలేస్తే వస్తుంది. మూడో కారణం మన కళ్లకి కనబడదు. బ్రేకు ఆయిల్ వర్షాకాలంలో మూత లేని ఉప్పు డబ్బాలాంటిది. గాలిలోని తేమని పీల్చుకుంటూనే ఉంటుంది. మన బండ్లలో వాడే ఆయిల్ సీసా మీద డాట్ 3 అనో, డాట్ 4 అనో ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. నూటికి 3.7 పాళ్లు నీరు చేరితే చాలు, ఆ లెక్క 140కి, 155కి పడిపోతుంది. తిరుమల నుంచో, శ్రీశైలం నుంచో, అరకు నుంచో దిగుతూ కాలు బ్రేకు మీద నుంచి తీయకుండా వస్తే చక్రాల దగ్గర వేడి అంతకు మించి పోగలదు. అప్పుడు ఆయిల్‌లోని నీరు మరిగి ఆవిరి బుడగ అవుతుంది. ఆవిరి కూడా గాలిలాంటిదే కదా. పెడల్ ఒక్కసారిగా నేలకంటుతుంది. మైదానంలోకి వచ్చి అరగంట చల్లారితే ఆవిరి మళ్లీ నీరై, పెడల్ మామూలుగా అయిపోతుంది. మర్నాడు మెకానిక్ చూస్తే తప్పేమీ కనిపించదు. "మీకు అలా అనిపించి ఉంటుంది మేడమ్" అంటాడు. అనిపించడం కాదు, జరిగింది. అలా ఒక్కసారి జరిగినా ఆయిల్ మొత్తం మార్పించండి. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరులోనే దిగడం, బ్రేకు కాసేపు వేసి కాసేపు వదలడం బండికీ మనకీ క్షేమం.

షెడ్డులో

మెత్తబడిన బ్రేకుతో బండిని మీరే నడిపి షెడ్డుకి తీసుకెళ్లొద్దు. మెకానిక్‌నే ఇంటికి పిలవండి. ఒక పూట ఆలస్యమైనా ఫరవాలేదు.

వచ్చినవాడు డబ్బాలో ఆయిల్ పోసి "అయిపోయిందమ్మా" అంటే ఒప్పుకోకండి. తగ్గిన ఆయిల్ ఎటు పోయిందో చెప్పకుండా పోయడమంటే, చిల్లిపడ్డ బిందెలో నీళ్లు నింపి వెళ్లిపోవడమే. "బాబూ, పట్టుకుని ఉంటే పెడల్ కిందికి జారుతోంది, బయట ఎక్కడా తడి లేదు, మాస్టర్ సిలిండర్ చూడు" అని మీరు చూసింది చూసినట్టు చెప్పండి. మీరు జబ్బు పేరు చెప్పక్కర్లేదు, లక్షణం చెబితే చాలు. డాక్టరు దగ్గర మనం చేసేదదే కదా.

మాస్టర్ సిలిండర్‌కి రబ్బరు కిట్టు విడిగా దొరుకుతుంది, చవక. అయితే సిలిండర్ విప్పాక లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటేనే కిట్టు వేయాలి. గీతలు, తుప్పు గుంటలు ఉంటే కొత్త రబ్బరు కూడా కొన్నాళ్లకే చిరుగుతుంది, కూలి రెండుసార్లు ఇచ్చుకోవాలి. విప్పిన సిలిండర్‌ని వెలుతురులో మీరే చూడండి. నెలాఖరు అని కిట్టుతో సరిపెట్టించాలనిపిస్తుంది, నిజమే. గోడ పాడైతే మాత్రం సిలిండర్ మొత్తం మార్చడమే నయం. ఒక పక్క వీల్ సిలిండర్ కారుతుంటే రెండో పక్కది కూడా విప్పి చూడమనండి. రెండిటి వయసూ ఒకటే.

ఏ పని చేసినా చివర్లో గాలి తీయాలి. దీనికి ఇద్దరు కావాలి. లోపల పెడల్ తొక్కేవాళ్లు ఒకరు, చక్రం దగ్గర పానా పట్టుకునేవాళ్లు ఒకరు. మెకానిక్ దగ్గర కుర్రాడు లేకపోతే పెడల్ దగ్గర మీరే కూర్చోండి, కష్టమేమీ లేదు. చక్రం దగ్గర చిన్న నిపుల్ ఉంటుంది. దానికి పారదర్శకమైన సన్నటి ట్యూబు తొడిగి, రెండో కొస కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచుతారు. "నొక్కండి" అంటే మెల్లగా నొక్కి పట్టుకోవాలి. అతను నిపుల్ వదులు చేస్తాడు, ట్యూబులో బుడగలు వస్తాయి, మీ కాలు కిందికి దిగుతుంది. అతను నిపుల్ బిగించి "వదలండి" అనేదాకా కాలు తీయకూడదు. అసలు కీలకం ఇక్కడే ఉంది. నిపుల్ తెరిచి ఉండగా వదిలితే బయటి గాలిని మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది, చేసిన పనంతా వృథా. పెడల్ నేలకంటకుండా కింద ఒక చెక్క ముక్క పెట్టుకుంటే ఇందాక చెప్పిన గీరుకుపోయే బాధ తప్పుతుంది. బుడగలు ఆగి, శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా ఇలాగే. మామూలుగా మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి వస్తారు. మీ బండి పుస్తకంలో వేరే వరస రాసి ఉంటే అదే పాటించాలి. మధ్యమధ్యలో డబ్బా వంక ఒక కన్ను వేయించండి. అది ఖాళీ అయితే పై నుంచి గాలి దూరి కథ మొదటికొస్తుంది. వెనక షూల సందు ముందు సరిచేసి, ఆ తరవాతే గాలి తీయమనండి.

సీసాలోకి వచ్చిన ఆయిల్ బాగానే ఉందని మళ్లీ డబ్బాలో పోసే అలవాటు కొందరికి ఉంది. వద్దనండి. దాని నిండా గాలి, మడ్డి. షాపులో సీలు తీయని సీసానే కొనండి. తెరిచి నెలల తరబడి అటక మీద ఉంచిన సగం సీసా తేమ పీల్చేసి ఉంటుంది, మురిపెంగా దాచుకోకండి. మూత మీద డాట్ ఎంత రాసి ఉంటే అదే కొనాలి. డాట్ 5 అనేది సిలికాన్ జాతి, మిగతా వాటితో కలపకూడదు. అంకె పెద్దది కదా, ఇంకా మంచిదనుకోవద్దు. ఇంజిన్ ఆయిల్ ఒక్క చెంచా పడినా బ్రేకు రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయి. రబ్బర్లని పెట్రోలుతో, డీజిలుతో కడగడం కూడా అంతే.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. వెనక వీల్ సిలిండర్ కారుతుంటే, "ప్రస్తుతానికి" అని ఆ చక్రానికి వెళ్లే పైపు నొక్కేసి మూసేవాళ్లు ఉన్నారు. పెడల్ టక్కున గట్టిపడుతుంది, ఖర్చు తక్కువ, మనకీ సంతోషం. కానీ ఆ చక్రానికి బ్రేకే లేదు. తడి రోడ్డు మీద గట్టిగా వేస్తే బండి గిర్రున తిరగగలదు. పైపు మూసిన బండి తీసుకోకండి.

దారిలో బ్రేకు పోతే

నడుస్తుండగా పెడల్ కిందికి పోతే ముందు చేయాల్సింది, వదిలి వదిలి గబగబా తొక్కడం. గాలి వల్లో, సందు వల్లో అయితే రెండు మూడు తొక్కులకి కొంత బ్రేకు దొరకొచ్చు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి, ఒక్కో గేరు తగ్గించుకుంటూ రండి. హ్యాండ్ బ్రేకు తీగతో పనిచేస్తుంది, ఆయిల్‌తో సంబంధం లేదు. దాని కొస మీది బటన్ నొక్కిపెట్టే ఉంచి కొంచెం కొంచెంగా లాగాలి. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగిసి బండి జారుతుంది. హారన్ మోగిస్తూ, లైట్లు వేస్తూ ఎడమ వైపుకి రండి. తాళం మాత్రం తిప్పకండి. ఇంజిన్ ఆగితే బూస్టర్ సాయం పోతుంది, తాళం బయటికి తీస్తే స్టీరింగ్ కూడా బిగుసుకోవచ్చు.

బాగు చేసి బండి ఇచ్చాక డబ్బులు లెక్కపెట్టే ముందు కాలి పరీక్ష మొత్తం మళ్లీ ఒకసారి చేయండి. కొత్త ప్యాడ్లు వేసి ఉంటే, బండి కదిలే ముందే పెడల్ గట్టిపడేదాకా నొక్కాలి. లేకపోతే మొదటి తొక్కుకి బ్రేకే ఉండదు, షెడ్డు గేటుకే గుద్దుకుంటారు. తరవాత ఖాళీ వీధిలో నడక వేగంతో వెళ్లి ఆపండి, కాస్త పెంచి మళ్లీ ఆపండి. ఒక పక్కకి లాగుతోందా అని స్టీరింగ్ చెబుతుంది. ఆయిల్ చుక్కలు పెయింటు మీద పడి ఉంటే గుడ్డతో రుద్దకుండా నీళ్లు ధారగా పోసి కడిగించండి, రంగు తినేస్తుంది. చీర కొంగుకి అంటినా వెంటనే నీళ్లలో జాడిస్తే పోతుంది. ఇక ఆయిల్ మార్చిన తేదీ బానెట్ లోపల ఒక చీటీ మీద రాసి అంటించండి. కంపెనీ పుస్తకంలో వేరేగా లేకపోతే రెండేళ్లకోసారి మార్చడం మంచి లెక్క.

ఆ రాత్రి నాలుగు చక్రాల లోపలి వైపుకీ, ఇంజిన్ కిందా పాత దినపత్రికలు పరిచి ఉంచండి. పొద్దున్నే చూసి కాగితం పొడిగా ఉంటే బండి తీయండి. ఎక్కడైనా జిడ్డు మరక ఉంటే ఆ మరక ఏ చక్రం దగ్గరో ఆ కాగితం మీదే రాసిపెట్టి, మెకానిక్ వచ్చేదాకా తాళంచెవులు బీరువాలోనే ఉంచండి.